పేపర్ క్లిప్‌తో బయల్దేరి పెద్ద వస్తువుతో తిరిగి రావాలంటే: ‘బిగ్గర్ అండ్ బెటర్’ ఎలా ఆడాలి?

ఆట చెప్పడానికి నిమిషం చాలు. జట్టుకో చిన్న వస్తువు ఇస్తారు. అది పట్టుకుని వీధిలోకి వెళ్లాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లను అడిగి, అంతకన్నా కాస్త పెద్దదో, కాస్త మంచిదో అయిన వస్తువుతో మార్చుకోవాలి. అలా వచ్చినదాన్ని ఇంకొకరి దగ్గర ఇంకాస్త మంచిదానితో మార్చుకోవాలి. గడువు అయ్యాక జట్లన్నీ ఒకచోట చేరి ఎవరు ఏం తెచ్చారో చూసుకుంటాయి.

ఇంత తేలికైన ఆటను ఎంతోమంది పాడుచేస్తుంటే చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. ఆట చెడేది వస్తువుల దగ్గర కాదు, కొత్త మనిషితో మాట్లాడే మొదటి నిమిషంలో. ఆరుగురు ఒకేసారి వెళ్లి చుట్టుముడతారు. ఒకరు మొహం మీద ఫోన్ పెట్టి వీడియో తీస్తారు. వద్దన్నవాళ్లను బతిమాలతారు. చివరికి “ఈ వీధిలో జనం అసలు మాట్లాడరండీ” అని నెపం వాళ్ల మీదే వేస్తారు. జనం బాగానే మాట్లాడతారు, అడిగే పద్ధతిలో అడిగితే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

జట్టుకు నలుగురు. ముగ్గురైతే వస్తువు బరువెక్కినప్పుడు మోయలేరు, ఐదుగురైతే గుంపులా కనిపిస్తారు. ఒక పెద్ద సంచి, తాగడానికి నీళ్లు, నడవడానికి వీలైన చెప్పులు, జట్టుకొక ఫోన్. సమయం రెండు గంటలు, అదీ వెలుతురు ఉండగానే. చీకటి పడ్డాక ఎవరి తలుపూ తట్టకూడదు.

మొదటి వస్తువు పేపర్ క్లిప్పే అయ్యుండాలి. కొందరు పెన్నుతో మొదలుపెడతారు, అది తప్పు. పెన్ను చూడగానే ఏదో అమ్మడానికి వచ్చారనో, సంతకం అడుగుతారనో అనుకుంటారు. అరచేతిలో క్లిప్ కనిపిస్తే ఇదేదో సరదా వ్యవహారమని అవతలివాళ్లకు సగం అర్థమైపోతుంది.

నియమాలు

డబ్బు చేతులు మారకూడదు. ప్రాణమున్నవి, మందులు, మద్యం, పదునైనవి తీసుకోకూడదు. పెద్దవాళ్లు లేకుండా పిల్లలే ఉంటే వాళ్లను అడగకూడదు. ఎంత ప్రేమగా పిలిచినా ఎవరి ఇంట్లోకీ వెళ్లకూడదు, మాటలూ మార్పిడీ అన్నీ గుమ్మం బయటే. నలుగురూ ఎప్పుడూ ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే ఉండాలి. గేటు దగ్గర కాపలా ఉన్నచోట ముందు వాళ్లకు విషయం చెప్పి, సరేనంటేనే లోపలికి వెళ్లాలి. ఏ జట్టు ఏ వీధికి వెళ్తుందో బయల్దేరే ముందే పంచుకోవాలి. ఒకే తలుపు రెండు జట్లు తడితే ఆ ఇంటివాళ్లకు చిరాకు పుట్టడం న్యాయమే.

ఇంకొకటి, అందరూ తప్పేది: తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లకూడదు. పిన్నిగారింటికి వెళ్లి కుర్చీ తెచ్చి గెలిచామంటే అది ఆటే కాదు.

అడగడం

ఇక్కడ తొందరపడకండి. మిగతాదంతా ఎలా చేసినా సర్దుకుంటుంది, ఇది మాత్రం సర్దుకోదు.

ముందు ఎవరిని అడగాలి అన్నది చూడండి. నడుస్తున్న మనిషిని ఆపకండి. ఎక్కడికో వెళ్తున్నవాళ్లకు మీ ఆట అడ్డంకే తప్ప మరొకటి కాదు. అప్పటికే ఆగి ఉన్నవాళ్లను చూసుకోండి: పార్కు బెంచీ మీద కూర్చున్నవాళ్లు, ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్నవాళ్లు, బేరాల్లేక షాపు గుమ్మంలో నిలబడ్డవాళ్లు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్లను, చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లను, జనం లేని సందులో ఒంటరిగా వెళ్తున్నవాళ్లను వదిలేయండి. మీకు ఇది ఆటని తెలుసు. ఎదుటివాళ్లకు మీరు నలుగురు అపరిచితులు, అంతే. వాళ్ల గుండె ఒక్కసారి దడదడలాడినా ఆ తర్వాత మీరు ఎంత మర్యాదగా మాట్లాడినా లాభం లేదు.

మాట్లాడేది ఒక్కరే. ఇంకొకరు పక్కన, ఒక అడుగు వెనక ఉండాలి. మిగతా ఇద్దరూ దూరంగా, కానీ కనిపించేలా నిలబడాలి. దాక్కోవడం, చెట్టు చాటు నుంచి చూడడం చేస్తే అనుమానం పెరుగుతుంది. తలుపు దగ్గరైతే బెల్ ఒక్కసారే కొట్టి, రెండు మూడు అడుగులు వెనక్కి వచ్చి, కాస్త పక్కకు నిలబడండి. తలుపు తీసేసరికి ఎదురుగా ఖాళీ కనిపించాలి, మీ మొహం కాదు. బయట ఉన్నవాళ్లయితే వాళ్లు లేచి వెళ్లిపోవాలనుకుంటే ఎటు వెళ్తారో ముందు గమనించి, ఆ వైపు నిలబడకండి. టోపీ, నల్ల కళ్లద్దాలు తీసేయండి.

ఆ ఒక్కరూ ఎవరు? జట్టులో బాగా మాట్లాడేవాళ్లని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తక్కువ మాట్లాడేవాళ్లనే ముందుకు పంపాలి. మాటకారి అయితే మార్పిడి కాస్తా అమ్మకంలా తయారవుతుంది. ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోతుంటే వినే మనిషికి తప్పించుకుంటే చాలనిపిస్తుంది. నెమ్మదిగా మాట్లాడేవాళ్లు అడిగి ఆగుతారు. ఈ ఆటకు కావాల్సింది ఆ ఆగడమే. మార్పిడికొకరు వంతులు వేసుకునే పద్ధతి కూడా నాకు నచ్చదు. రెండు మూడు ఇళ్లు తిరిగేసరికి ఆ మనిషికి మాట కుదురుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఇంకొకరిని ముందుకు తోయడం దేనికి?

ఏం చెప్పాలంటే, దాదాపు ఇలా:

“నమస్కారం అండీ. మేం ఏమీ అమ్మడానికి రాలేదు, ఒక ఆట ఆడుతున్నాం. ఈ క్లిప్ తీసుకుని, మీకు అక్కర్లేనిది ఇంతకన్నా కాస్త పెద్దది ఏదైనా ఇవ్వగలరా? లేదన్నా పర్లేదండీ, ఇంకొకరిని అడుగుతాం.”

అమ్మడానికి రాలేదన్న సంగతి మొదట్లోనే రావాలి. అది చెవిన పడేదాకా అవతలివాళ్లు మీ మాట వినరు, తలుపు ఎలా వేయాలా అని ఆలోచిస్తుంటారు. ‘మీకు అక్కర్లేనిది’ అన్నమాట కూడా వదలకండి. ఇంట్లో మూలన పడి ఉన్నవి గుర్తుకొచ్చేది ఆ మాటతోనే.

చివరి వాక్యమే ప్రాణం. జట్లు ఎక్కువగా తీసేసేది కూడా దాన్నే. కాదనే అవకాశం మనమే ఇస్తే కాదనేస్తారని భయం. నిజానికి జరిగేది అందుకు ఉల్టా. ఫ్రాన్స్‌లో నికోలా గెగాన్, అలెగ్జాండ్ర్ పాస్కల్ బస్సు చార్జీకి చిల్లర అడుగుతూ ఒక ప్రయోగం చేసి 2000లో ప్రచురించారు. మామూలుగా అడిగితే పదిమందిలో ఒకరే ఇచ్చారు. ‘ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అని కలిపి అడిగితే దాదాపు సగం మంది ఇచ్చారు. ఇలాంటి 42 అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలోనూ ఆ మాట పనిచేస్తుందనే తేలింది. ఇది చదివి, ఎక్కువ వస్తువులు రాబట్టే కిటుకుగా ఆ వాక్యాన్ని వాడకండి. నిజంగా వదిలేసే ఉద్దేశం ఉంటేనే అనండి. నోటితో ‘పర్లేదండీ’ అంటూ కాళ్లు కదపకుండా నిలబడితే అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

అడిగాక నోరు మూసుకోవాలి. ఇది వినడానికి కటువుగా ఉన్నా ఇంతకన్నా మెత్తగా చెప్పలేను. ఆ మనిషి కళ్లు మీ మీంచి పక్కకు వెళ్తాయి, చూపు ఎక్కడో ఉంటుంది. అంటే ఇంట్లో ఏముందా అని గుర్తుచేసుకుంటున్నారు. అయిదారు సెకన్లు పడుతుంది, ఒక్కోసారి పది. ఆ మౌనం భరించలేక వెనకున్నవాళ్లు “పాతదైనా పర్లేదండీ, పాడైనదైనా సరే, ఏదో ఒకటి…” అని అందుకుంటారు. ఆలోచన తెగిపోతుంది, “లేదమ్మా” అని తలుపు పడుతుంది. ఆ జట్టు ఆ ఇంటిని పోగొట్టుకున్నది అక్కడే.

వెనకున్నవాళ్లు నవ్వకూడదు కూడా. తమను ఆటపట్టిస్తున్నారేమో అన్న అనుమానం జనానికి ఎప్పుడూ ఉంటుంది. మనుషులను బకరాలు చేసే వీడియోలు వచ్చాక అది ఇంకా పెరిగింది. అందుకే ఫోన్ జేబులోంచి బయటికి రావద్దు. మార్పిడి పూర్తయ్యాక, “ఈ వస్తువుతో ఒక ఫోటో తీసుకోవచ్చా అండీ?” అని అడగండి. వద్దంటే వస్తువును మాత్రమే ఫోటో తీయండి. వీడియో అసలే వద్దు.

కాలేజీ ప్రాజెక్టనో, అనాథల కోసమనో కథలు చెప్పే జట్లున్నాయి. వాటికి వస్తువులు వస్తాయి, అవును. కానీ జాలిపడి ఇచ్చిన మనిషి నిజం తెలిశాక ఇంకెవరికీ తలుపు తీయరు. ఆట అని చెప్పడానికి సిగ్గెందుకు? ఆట అంటే ఇష్టపడే పెద్దవాళ్లు మనం అనుకునేదానికన్నా చాలామంది ఉన్నారు.

మొదటి తలుపు ముందు టెన్షన్ సహజం. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వనెస్సా లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇక్కడ పనికొస్తుంది. కొత్తవాళ్ల చేత ఐదు ప్రశ్నాపత్రాలు నింపించాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే అంచనా వేయమని ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు చెప్పారు. సుమారు 20 మందిని అనుకున్నారు. తీరా అడిగితే 10 మందితోనే పనైపోయింది. మనుషులు సరేనంటారన్న నమ్మకం మనకే తక్కువ.

వద్దంటే, మరీ ఎక్కువిస్తే

మొదటి ‘వద్దు’తోనే కథ ముగియాలి. ‘ఇప్పుడు కాదు’, ‘చూద్దాంలే’, తల అడ్డంగా ఊపడం, చూపు తిప్పుకోవడం, ఇవన్నీ వద్దనే. ఎందుకని అడగకూడదు. ఒకరికి వద్దన్నాక జట్టులో ఇంకొకరు వెళ్లి మళ్లీ అడగకూడదు. “థాంక్సండీ” అని, వచ్చినంత హుషారుగానే వెళ్లిపోవాలి. ముందు చాలా పెద్ద వస్తువు అడిగి, కాదన్నాక చిన్నది అడిగే ఎత్తుగడ ఒకటి కొందరు నేర్పుతుంటారు. అది అమ్మకాలవాళ్లకు వదిలేయండి.

దీనికి రెండో వైపు గురించి ఎవరూ చెప్పరు. ఒక్కోసారి మనిషి అవసరానికి మించి ఇచ్చేస్తారు. మాట్లాడే తోడు దొరికిందన్న సంతోషంలో ఒక పెద్దాయన గోడ గడియారం దించి ఇస్తానంటారు. ఒక కుర్రాడు ఇంట్లో అడక్కుండా స్పీకర్ తెచ్చి చేతిలో పెడతాడు. తీసుకోకండి. రేపు పొద్దున్న వాళ్లు వెతుక్కునే వస్తువేదీ మీ సంచిలో ఉండకూడదు. “ఇది మీకు పనికొస్తుందండీ, ఇంతకన్నా చిన్నదేదైనా చాలు” అనండి. ఇంట్లో మిగతావాళ్లకు అభ్యంతరం ఉండదా అని కూడా అడగండి. దీనివల్ల ఓడిపోయినా సరే, మీరు ఆడిందే సరైన ఆట.

ఏ వస్తువుకు ఒప్పుకోవాలి

కెనడాకు చెందిన కైల్ మెక్‌డోనల్డ్ చిన్నప్పుడు ఆడిన ఈ ఆటనే గుర్తుచేసుకుని, 2005 జులైలో ఒక ఎర్ర పేపర్ క్లిప్‌ను ఇంటర్నెట్‌లో మార్పిడికి పెట్టాడు. మొదట చేప ఆకారంలో ఉన్న పెన్ను వచ్చింది, తర్వాత తలుపు పిడి, ఆ తర్వాత క్యాంపుల్లో వాడే స్టవ్. 14 మార్పిడులయ్యాక, 2006 జులైలో, సస్కాచెవాన్ రాష్ట్రంలోని కిప్లింగ్ అనే చిన్న ఊళ్లో అతనికి ఇల్లు వచ్చింది. అందరూ ఇల్లు గురించే చెబుతారు. చూడాల్సింది మధ్యలో జరిగినది. రాక్ గాయకుడు ఆలిస్ కూపర్‌తో ఒక మధ్యాహ్నం గడిపే అవకాశాన్ని ఇచ్చేసి, లోపల మంచు కురిసినట్టు కనిపించే ఒక గాజు గోళం తీసుకున్నాడు. మతిపోయిందా అన్నారు. కానీ నటుడు కార్బిన్ బెర్న్‌సెన్‌కు అలాంటి గోళాలు సేకరించే పిచ్చి. ఆయన దాన్ని తీసుకుని సినిమాలో వేషం ఇచ్చాడు. ఆ వేషానికే ఇల్లు వచ్చింది.

కాబట్టి ఒప్పుకునే ముందు ధర గురించి కాదు, తర్వాత ఎవరు దీన్ని కావాలంటారు అని ఆలోచించండి. పనిచేసే టేబుల్ ల్యాంపు ఖరీదైన విరిగిన ప్రింటర్ కన్నా మేలు. చెస్ బోర్డు, గొడుగు, గిటార్ లాంటివి చూడగానే ఎవరో ఒకరికి ఆశ పుడుతుంది. ఇద్దరు మోయలేని వస్తువు చివరి పావుగంటలో తప్ప తీసుకోవద్దు. మొదటి గంటలోనే పరుపు దొరికిందని సంబరపడిన జట్టు ఆ తర్వాత వీధి దాటదు.

చీటీ తీసి అందులో రాసిన వస్తువు తెమ్మనే ఆటలు, జాబితా పట్టుకుని వెతికే ఆటలు నాకు తెలుసు. షికాగో విశ్వవిద్యాలయంలో 1987లో మొదలైన అలాంటి వేట పేరు మోసింది. వాటిని తక్కువ చేయను. కానీ జాబితా ఆటలో వీధిలోని మనిషి మీకు ఒక వస్తువు దొరికే చోటు మాత్రమే. ఇక్కడ ఆ మనిషి కూడా ఎంచుకుంటారు, ఏదో ఒకటి తీసుకుంటారు, తన వస్తువు ఏమవుతుందో ఊహించుకుంటారు. అపరిచితులతో ఆడాల్సిన ఆటంటూ ఉంటే అది ఇదే.

తిరిగొచ్చాక

గడువు దాటి వచ్చిన జట్టు ఓడినట్టే, బతిమాలడాలు లేవు. ప్రతి జట్టూ క్లిప్ దగ్గర్నుంచి చివరి వస్తువు దాకా వరుసగా చెప్పాలి, ఆ తర్వాత ఓట్లు. సొంత జట్టుకు ఓటు వేయకూడదు. కొలిచి, తూచి గెలుపు నిర్ణయించే పద్ధతి పెట్టకండి. అది పెడితే వచ్చేసారి అందరూ పాత పరుపుల వెంటే పడతారు.

వచ్చిన వస్తువులు ఎక్కడికి వెళ్తాయో ఆట మొదలుకాక ముందే తేల్చుకోవాలి: ఎవరికి ఇస్తారు, ఎవరు మోస్తారు, ఏ బండిలో. వీధి చివర వదిలేసి వెళ్లడం కుదరదు. బరువైన వస్తువు ఇచ్చినవాళ్లను అక్కడే అడిగి పెట్టుకోండి, ఆట అయ్యాక తిరిగి కావాలా అని. కావాలంటే అదే రోజు, అదే గుమ్మం దగ్గరికి చేర్చండి. క్లిప్ మాత్రం అడక్కండి, అది మొదట తీసుకున్నవాళ్లదే.