గేమ్ ల్యాగ్ కొడుతోందా? కార్డు కొనే ముందు పాత మెషీన్ ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

ఏప్రిల్ మొదలైతే చాలు, తిరుపతిలో మా షాపు మెట్లెక్కే పిల్లలందరిదీ ఒకే మాట. "అన్నా, గేమ్ ల్యాగ్ కొడతాంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాల." ఏం మార్చాలో ఇంట్లోనే తేల్చుకుని వస్తారు. కొందరు అప్పటికే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి, కార్డు కొనుక్కొచ్చి బిగించుకుని, ఏ తేడా కనపడక నా దగ్గరికి వస్తారు. ఆ డబ్బు చాలాసార్లు ఇంట్లోవాళ్లు చీటీ పాడి ఇచ్చింది. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇది రాస్తున్నా.

మొన్న మా అక్క కొడుకు కూడా కొర్లగుంట నుంచి ఆటోలో క్యాబినెట్ వేసుకుని వచ్చాడు. "మామా, అమ్మ 30 వేలు ఇస్తానంది. ఏ కార్డు తీసుకోమంటావు?" అది 2017లో నేనే అసెంబుల్ చేసిన మెషీన్. ఐ5-7400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆ కాలంలో మధ్యతరగతి ఇంట్లో పిల్లోడు ఆడుకోవడానికి అంతకంటే మంచి సెట్ అడగలేం. "కార్డు సంగతి తర్వాత, ముందు అరగంట ఆడు, నేను చూస్తా" అన్నా.

బాటిల్‌నెక్ అంటే ఏమిటో మన ఊరోళ్లకు అలిపిరి చూపిస్తే చాలు. కింద ఊళ్లో రోడ్డు వెడల్పే, పైన ఘాట్ రోడ్డు ఖాళీయే. అయినా వేసవి సెలవుల్లో బండ్లు బారులు తీరి నిలబడతాయి. ప్రతి బండీ తనిఖీ దగ్గర ఆగి, సామాను స్కాన్ అయ్యాకే కదలాలి మరి. అక్కడ వరసలు పెంచకుండా ఘాట్ రోడ్డు ఎంత వెడల్పు చేసినా కొండ మీదికి ఒక్క నిమిషం ముందు చేరలేం. మెషీన్‌లోనూ ఇంతే. ప్రాసెసర్ ఒక్కో ఫ్రేమ్‌కు లెక్క కట్టి పంపితే కార్డు బొమ్మ గీస్తుంది. ర్యామ్, డిస్క్ ఆ రెండింటికీ సరుకు అందిస్తాయి. ఏ ఒక్కటి ఆగినా మిగతావి దాని వెనకాల కాచుక్కూర్చోవాల్సిందే.

ముందు మీటర్ పెట్టండి

మెషీన్ లోపలి అంకెలు కొలిచే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. దాంతోపాటే వచ్చే రివాట్యూనర్ కూడా ఇన్‌స్టాల్ చేయండి, ఆ అంకెలను గేమ్ మీద చూపించేది అదే. సెట్టింగ్స్‌లో మానిటరింగ్ ట్యాబ్ తెరిచి కార్డు వాడకం, కార్డు వేడి, కార్డు మెమరీ, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వాడకం, ప్రాసెసర్ వేడి, క్లాక్ (ప్రాసెసర్ వేగం), ర్యామ్, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు), ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) ఎంచుకోండి. ప్రతిదానికీ విడిగా ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే టిక్ కూడా పెట్టాలి. చాలామంది ఈ రెండో టిక్ మరిచిపోయి, గేమ్‌లో ఏమీ కనపడలేదంటారు.

ఫ్రేమ్ టైమ్‌ను మాత్రం అంకెగా కాక గ్రాఫ్‌గా పెట్టుకోండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. ఆ గీత సాఫీగా పోతుంటే ఆట సాఫీగా ఉన్నట్టు. మధ్యమధ్యలో ముళ్లలా పైకి లేస్తుంటే, సగటు 60 చూపిస్తున్నా మీ చేతికి ఆట తగుల్తూ తగుల్తూ పోతుంది. సగటును నమ్మి మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను.

టాస్క్ మేనేజర్‌లో మొత్తం సీపీయూ శాతం చూసి "ప్రాసెసర్ ఖాళీగా ఉంది కదన్నా" అనేవాళ్లూ ఉన్నారు. 4 కోర్ల ప్రాసెసర్‌లో ఒక కోర్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్క 25 శాతమే చూపిస్తుంది. అందుకే కోర్ కోర్‌కు విడిగా చూడాలి.

ఇంకొక్క మాట. ఆన్‌లైన్ గేమ్‌లో ఎఫ్‌పీఎస్ కదలకుండా పింగ్ (సర్వర్‌కు పోయి వచ్చే సమయం) మాత్రం ఎగిరితే అది ఇంటర్నెట్ గొడవ. మెషీన్ విప్పొద్దు, రౌటర్‌కు కేబుల్ పెట్టి చూడండి.

20 నిమిషాలు బాగుంటుంది, తర్వాత పడిపోతుంది

మన ఊళ్లో పాత మెషీన్లకు వచ్చే మొదటి జబ్బు ఇదే. కారణం వేడి. ప్రాసెసర్ తన హద్దుకు చేరగానే (ఐ5-7400కు అది 100 డిగ్రీలు) కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. జీటీఎక్స్ 1060 లాంటి కార్డులైతే 83 డిగ్రీల దగ్గరే క్లాక్ దించడం మొదలుపెడతాయి. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడీ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో 80 దగ్గర ఆగిన ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం 39 డిగ్రీల గదిలో 94కు పోతుంది. "సంక్రాంతికి బాగా ఆడింది, ఇప్పుడు ఆడదు" అనే మాటలో మర్మం ఇదే.

మావాడి మెషీన్‌లో సరిగ్గా 22వ నిమిషంలో ప్రాసెసర్ 100 తాకింది. 3 గిగాహెర్ట్జ్ పైన ఉండాల్సిన క్లాక్ 1.8కి జారింది. కార్డు వాడకం 95 నుంచి 55కి పడింది. అంటే కార్డు పని లేక కూర్చుంది. వాడు మార్చాలనుకున్నది ఆ కార్డునే!

క్యాబినెట్ విప్పాను. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ మీది ఫ్యాన్ తీస్తే దాని కింద, అల్యూమినియం రెక్కల మీద దుమ్ము దుప్పటి పరిచినట్టుంది. గోటితో లేపితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. గాలి చొరబడే సందే లేదు. హీట్‌సింక్ పట్టుకుని కాస్త కదిపితే ఒక మూల ఊగింది. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, అందులో ఒకటి బోర్డు నుంచి లేచిపోయింది. కూలర్ తీసి చూస్తే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్టు పొద్దున పెట్టుకున్న నామం మధ్యాహ్నం ఎండకు ఆరి పొడిపొడిగా రాలే తిరుమణిలా ఉంది. తడి అన్నదే లేదు.

ఇంట్లోనే తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ తిప్పి ఆడండి. వేడి 10 డిగ్రీలు దిగితే గాలి ఆడటం లేదని అర్థం. అయితే దాన్నే శాశ్వత వైద్యంగా చేసుకోవద్దు, రెండు నెలల్లో దుమ్ము రెట్టింపు చేరుతుంది. తలుపు తీసినా వేడి దిగకపోతే పేస్టునో పిన్నులనో అనుమానించండి.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ పీకేయండి. బ్లోయర్ కొట్టేముందు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అతి వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్తది బఠానీ గింజంత పెడితే చాలు. పిన్నులు ఎదురెదురు మూలలుగా జంటజంటగా నొక్కాలి, టక్‌మనే చప్పుడు నాలుగుసార్లు వినపడాలి. కార్డు లోపలి పేస్టు మాత్రం అలవాటు లేనివాళ్లు ముట్టుకోవద్దు. అక్కడ థర్మల్ ప్యాడ్లు ఉంటాయి, చిరిగితే అదే మందంవి వెతకాలి.

క్యాబినెట్‌ను టేబుల్ చెక్క గూట్లో ఇరికించినా, నేల మీద పెట్టినా ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. గోడకు ఒక జానెడు ఎడంగా, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి.

మొదటి నిమిషం నుంచే తక్కువ, కార్డు 97-99 శాతం

వేడి అదుపులోనే ఉంది, కోర్లలో ఖాళీ ఉంది, కార్డు మాత్రం నిండుగా నడుస్తోంది. అప్పుడు ఆగుతున్నది కార్డే. రుజువు కావాలంటే రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందంటే అనుమానమే లేదు.

కొనకముందే చేయగలిగింది చాలా ఉంది. షాడోస్, యాంబియెంట్ అక్లూజన్, పొగమంచు లాంటి వాల్యూమెట్రిక్ ఎఫెక్ట్స్ ఒక్కో మెట్టు దించండి. కంటికి తేడా కొంచెమే, కార్డుకు ఊరట చాలా. బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే డీఎల్ఎస్ఎస్‌కు ఆర్టీఎక్స్ కార్డు కావాలి, కానీ అలాంటి పనే చేసే ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ పాత జీటీఎక్స్ మీద కూడా నడుస్తుంది. గేమ్‌లో ఆ ఆప్షన్ ఉంటే క్వాలిటీ మోడ్‌లో పెట్టి చూడండి.

నిజంగానే మార్చాల్సి వస్తే పాత బోర్డుకు తగింది చూసుకోవాలి. ఇలాంటి బోర్డుల్లో కార్డు బిగించే స్లాట్ పాత రకం, పీసీఐఈ 3.0. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి నాలుగు లేన్లే (డేటా పోయే దారులు) వాడతాయి కాబట్టి ఈ స్లాట్‌లో వాటి బలం తగ్గిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) కావాలి, 2017 నాటి బోర్డుల్లో అది సాధారణంగా ఉండదు, వాటి జోలికి పోవద్దు. ఇక జీటీఎక్స్ 10 సిరీస్‌కు గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేమ్‌ల కోసం కార్డుకు వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు) 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. సెకండ్‌హ్యాండ్‌లో 1060, 1070 కొనేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోండి.

కార్డు 50-60 శాతమే, జనం ఉన్నచోట ముక్కలు ముక్కలు

గేమ్‌లో బజారులోకి పోయినా, పదిమంది ఒకేసారి కాల్పులు మొదలుపెట్టినా పడిపోతుంది, ఒకటో రెండో కోర్లు 100 దగ్గర ఉంటాయి. రిజల్యూషన్ దించినా ఎఫ్‌పీఎస్ కదలదు. ఇది ప్రాసెసర్. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి కార్డు కంటే ప్రాసెసర్‌నే ఎక్కువ అడుగుతాయి.

క్రోమ్, రికార్డింగ్, డిస్కార్డ్ ఓవర్‌లే మూసేయండి. గేమ్‌లో జనసాంద్రత, ఎంత దూరం కనపడాలి అనే సెట్టింగులు దించండి. ఎఫ్‌పీఎస్‌ను 60 దగ్గర కట్టేస్తే గీత నిలకడగా ఉంటుంది.

మార్చే ఆలోచన ఉంటే ఒక మోసం గురించి చెప్పాలి. ఐ5-8400 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు కూడా ఎల్‌జీఏ 1151నే, చూడ్డానికి కుదురుతుంది, కానీ బీ250 లాంటి 200 సిరీస్ బోర్డులో ఆన్ కాదు. నమ్మి కొనుక్కుని వచ్చిన పిల్లోడు మా షాపులో ఏడ్చినంత పని చేశాడు. ఆ బోర్డులోకి ఎక్కేది ఐ7-7700. 4 కోర్లే అయినా 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), బాగా తేడా తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికితేనే తీసుకోమంటా. ఐ5-7400, ఐ7-7700 లాంటి ఏడో తరం ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎక్కువ డబ్బు పెట్టేటట్టయితే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తవి వేసుకోవడమే నయం.

సగటు బాగుంది, కొత్త ఏరియాలోకి పోగానే బిగుసుకుపోతుంది

ర్యామ్ 8 జీబీ నిండి, విండోస్ మిగతా సరుకును హార్డ్ డిస్క్ మీదికి తోస్తున్నప్పుడు ఇలా అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం ఎక్కి కూర్చుంటుంది. ఇంకో 8 జీబీ స్టిక్ వేయండి. నిండటం తగ్గడమే కాదు, రెండు స్టిక్కులతో డ్యూయల్ ఛానెల్ వచ్చి ప్రాసెసర్‌కు సరుకు అందే దారి రెట్టింపవుతుంది. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా రెండోదీ నాలుగోదీ వాడాలి. ఐ5-7400 బీ250 బోర్డు మీద ర్యామ్‌ను 2400 వేగం దాకే నడుపుతుంది, కాబట్టి 3200 స్టిక్ అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

గేమ్‌ను, విండోస్‌ను సాటా ఎస్ఎస్‌డీకి మార్చండి. డిస్క్ మార్చేముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో కాషన్ కనపడితే గేమ్ సంగతి పక్కన పెట్టి, ముందు ఇంటి ఫొటోలు కాపీ చేసుకోండి.

ర్యామ్‌లో ఖాళీ ఉండి కార్డు మెమరీ నిండితే టెక్స్చర్స్ దించండి. 3 జీబీ కార్డుల్లో ఇది మామూలే.

ఏదీ నిండలేదు, అయినా తక్కువే

ఎక్కడో తాళం పడి ఉంటుంది. వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) చూడండి, గేమ్‌లోని ఫ్రేమ్ లిమిట్ చూడండి, విండోస్ పవర్ ప్లాన్ పవర్ సేవర్‌లో ఉందేమో చూడండి. మానిటర్ కేబుల్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టి నెలల తరబడి ఆడినవాళ్లున్నారు. కార్డు మొదటి పొడుగు స్లాట్‌లోనే ఉండాలి. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎన్ని లేన్లు అందుతున్నాయో చెబుతుంది.

గేమ్ మొదలవగానే మెషీన్ రీస్టార్ట్ అయితే మాత్రం అనుమానం ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే పెట్టె) మీదికి పోవాలి. మంచి స్థితిలో ఉన్న ఇంకోటి పెట్టి పరీక్షించండి. పాతదాన్ని విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మావాడి మెషీన్‌కు పేస్టు, పిన్ను, రెండో ర్యామ్ స్టిక్, ఎస్ఎస్‌డీ అయ్యాయి. మే నెలలో ఒక పైటేల నాకు స్క్రీన్ ఫొటో పంపాడు. 40 నిమిషాల ఆట, ప్రాసెసర్ 79 డిగ్రీలు, క్లాక్ కదల్లేదు, కార్డు 98 శాతం. ఇప్పుడు ఆగుతున్నది నిజంగా కార్డే. షాడోస్ అల్ట్రా నుంచి మీడియానికి దించమన్నా, 60 నిలబడింది. "అయితే ఇప్పుడు కార్డు కొనొచ్చా మామా?" అన్నాడు. ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీసి పంపు, క్యాబినెట్ లోపల స్లాట్ నుంచి ముందు ఫ్యాన్ దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో టేపు పెట్టి కొలువు, అప్పుడు మాట్లాడదాం అన్నా.