సూక్ష్మ జాతుల రూపకల్పన: మూడవ పాఠం – నీరు, పతనం, అందుబాటు

పాచికలు వేస్తూ ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడిపే పాత్రధారణ ఆటల కోసం మనం ఒక చిట్టి మనుషుల జాతిని కూరుస్తున్నాము. గత పాఠంలో ఆ జాతికి అడ్డాకువారు అని పేరు పెట్టుకొని, మహేంద్రగిరి వాలులో అడ్డాకు తీగల నీడన వారి పల్లెలను నిలిపి, వారి ఎత్తును 16 సెంటీమీటర్లుగా నిర్ణయించుకున్నాము. ఆ ఎత్తులోనుంచి నియమాలు ఎలా పుడతాయో ఈ పాఠంలో చూద్దాము.

మనిషికిచ్చిన అంకెల్లో కొంత కొంత తీసివేస్తే చిన్న జాతి తయారవుతుందన్న ఆలోచనను మొదటే విడిచిపెట్టాలి. రాయగడలో నేను తొలిసారి ఇటువంటి జాతిని కూర్చినప్పుడు ఆ పొరపాటే చేశాను. బలం తగ్గించాను, ప్రాణశక్తి తగ్గించాను, నడక వేగం తగ్గించాను. ఆ పాత్రను ఎంచుకున్న అమ్మాయి మూడు సాయంత్రాలపాటు తోటి యోధుని సంచిలోనే ఉండిపోయి, తన వంతు వచ్చినప్పుడల్లా పాచికను పక్కవారికి అందించింది. పాత్ర సామానుగా మారిపోయిందంటే తప్పు ఆటగాళ్లది కాదు, జాతిని కూర్చినవారిదే.

కాబట్టి లెక్కతో మొదలుపెడదాము. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మనిషిని అన్ని వైపులా పదో వంతుకు కుదిస్తే, ఒంటి ఉపరితలం నూరో వంతు, బరువు వెయ్యో వంతు అవుతాయి. అంటే మన అడ్డాకువాడు 60 గ్రాములు తూగుతాడు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది గనుక ఆ బలం నూరో వంతుకే తగ్గుతుంది. 30 కిలోలు ఎత్తగల మనిషి తన బరువులో సగమే ఎత్తుతుండగా, అదే కొలతన అడ్డాకువాడు 300 గ్రాములు, అంటే తనకు ఐదు రెట్ల బరువు ఎత్తగలడు. ఎముకల విషయంలో ఈ తర్కాన్ని గెలీలియో 1638లోనే ప్రచురించాడు. జంతువుల పరిమాణం మీద 1926లో ప్రసిద్ధ వ్యాసం రాసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తన చివరి సంవత్సరాలను మన భువనేశ్వర్‌లోనే గడిపి 1964లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకే ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆ వ్యాసం నాకు మన ఇంటి వస్తువులాగే అనిపిస్తుంది.

లోతైన గనిలో పడిన చిట్టెలుక అడుగున నేల మెత్తగా ఉంటే లేచి నడిచిపోతుందనీ, స్నానం చేసి వచ్చిన మనిషి ఒంటిమీద సుమారు అరకిలో నీరు ఉంటే తడిసిన ఎలుక దాదాపు తనంత బరువు నీటిని మోయవలసివస్తుందనీ హాల్డేన్ వ్యాసంలో ఉంది. చిన్న ప్రాణికి ఎత్తునుంచి పడడం భయం కాదు, నీరే భయం. భారతంలో వాలఖిల్యుల కథ గుర్తు తెచ్చుకోండి. బొటనవ్రేలంత ఆ మునులందరూ కలిసి ఒక్క మోదుగ పుల్లను మోసుకువస్తూ, ఆవు గిట్ట గుంటలోని నీటిలో చిక్కుకుపోయారు. చూసి నవ్విన ఇంద్రునికి పోటీగా మరో ఇంద్రుణ్ణి సృష్టించడానికి వారు పూనుకున్నారు. ఇంతకంటె మంచి నమూనా మనకు అక్కరలేదు: గిట్ట గుంట దాటలేనివారే దేవేంద్రుణ్ణి వణికించారు.

దీనినుంచి రెండు నియమాలు రాసుకుందాము. అడ్డాకువారికి 60 అడుగుల లోపు పతనం వల్ల దెబ్బ తగలదు. పూర్తిగా తడిసినవారి వేగం సగమవుతుంది, ఆటలో తమకు వచ్చిన ఒక వంతును (టర్న్‌ను) వెచ్చించి నీటిని విదిలించుకునేవరకు వారు ఎక్కలేరు. ఆషాఢంలో వంశధార పొంగినప్పుడు ఈ రెండవ నియమం ఒక్కటే ఒక పూట ఆటను నడిపిస్తుంది. తిండి విషయం క్లుప్తంగా చెబుతాను: హాల్డేన్ లెక్కన చిట్టెలుక రోజుకు తన బరువులో సుమారు నాలుగో వంతు తింటుంది కనుక, చోళ్ల (రాగుల) మూట లేని అడ్డాకువాడు ఆటలో విశ్రాంతి వల్ల కలిగే ఫలాన్ని పొందలేడని రాయండి.

అసలు చిక్కు పోరాటంలో వస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట 2014 కూర్పులో టైనీ పరిమాణపు (అన్నిటికన్న చిన్న తరగతి) జీవికి పోరాట పటం మీద రెండున్నర అడుగుల గడి చాలు, మోత సామర్థ్యం సగమవుతుంది. కాని ఆ ఆటగాళ్ల పుస్తకంలోని జాతుల్లో ఒక్కటి కూడా టైనీ కాదు. అటువంటిదే మరో ఆట పాత్‌ఫైండర్, దాని రెండవ కూర్పు 2021లో స్ప్రైట్ అనే చిట్టి వనదేవతను టైనీ జాతిగానే ఆటగాళ్లకు ఇచ్చి, ఆయుధాల దెబ్బను తగ్గించకుండా, చేతి ఆయుధాల అందుబాటును, అంటే ఎంత దూరంలోని శత్రువును కొట్టగలరో ఆ దూరాన్ని, మాత్రం సున్నా చేసింది. నాకు ఈ మార్గమే నచ్చింది. లెక్క ప్రకారం సూదంత కత్తి గాయం చిన్నదే అయినా, ఆ నిజాన్ని ఇక్కడ వదులుకోవాలి. అందుబాటు సున్నా అయినప్పుడు ఆటగాడు శత్రువు గడిలోకే దూరాలి, మడమ దగ్గరా మెడ దగ్గరా చోటు వెతుక్కోవాలి. అంటే ప్రతి వంతులోనూ అతనికొక నిర్ణయం ఉంటుంది. దెబ్బ తగ్గిస్తే మిగిలేది నిస్సహాయతే.

అభ్యాసం. ముందుగా 60 గ్రాముల చోళ్లు తూచి అరచేతిలో పోసుకోండి. మీ పాత్ర మొత్తం బరువు అంతే. తరువాత గళ్ల కాగితం మీద అడ్డాకువానికి చింతగింజను, శత్రువుకు పర్లాకిమిడి కొమ్ము బొమ్మను ఉంచి, ఒకే పోరాటాన్ని రెండుసార్లు ఆడండి: ఒకసారి అందుబాటు సున్నాగా, మరొకసారి ఐదు అడుగులుగా. రెండింటిలోనూ ఆ ఆటగాడు చేయడానికేమీ లేక వదులుకున్న వంతులెన్నో రాసిపెట్టుకోండి. నాలుగవ పాఠాన్ని ఆ రెండు అంకెలతోనే మొదలుపెడతాము.