హంతకుడు ఎవరో బయటపడకుండా క్రైమ్ నవలల ప్రదర్శన పెట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లో మేముండే ఊరి లైబ్రరీలో నేను వాలంటీర్‌ని. ఏటా సెప్టెంబర్‌లో బ్రిటిష్ క్రైమ్, థ్రిల్లర్ నవలల ప్రదర్శన పెడతాను. ఒక గాజు షోకేసు, రెండు బల్లలు, ఒక సాయంత్రం కార్యక్రమం, అంతే. వేరే ఊళ్లలో పెట్టినవీ చాలా చూశాను. పుస్తకాలు బాగుంటాయి, అలంకరణ బాగుంటుంది. పుస్తకం పక్కన పెట్టే చిన్న లేబుల్ దగ్గరే అంతా పాడవుతుంది. అది పాడుచేసుకోకుండా ఎలా చేయాలో చెప్తాను.

తేదీ, పుస్తకాలు

సెప్టెంబర్‌లోనే పెట్టండి. క్రైమ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ 1890 సెప్టెంబర్ 15న ఇంగ్లండ్‌లోని టోర్కీ అనే ఊళ్లో పుట్టారు. ఏటా ఆ తేదీ చుట్టుపక్కలే అక్కడ ఆమె పేరు మీద ఉత్సవం కూడా జరుగుతుంది. బ్రిటన్‌లో జూన్‌ని క్రైమ్ నవలలు చదివే నెలగా జరుపుతారు కాబట్టి చాలామంది అప్పుడే పెడతారు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అందరూ పార్కుల్లో ఉంటారు. దుప్పటి కప్పుకుని హత్య కథ చదవాలనిపించేది పొద్దు తగ్గడం మొదలయ్యాకే.

పుస్తకాలు పన్నెండు చాలు. క్రిస్టీవి రెండుకి మించొద్దు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయల్‌ది ఒకటి, క్రిస్టీ కాలం రచయిత్రి డొరొతీ సేయర్స్‌ది ఒకటి. థ్రిల్లర్ల వైపు నుంచి జాన్ బకన్, జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ ఉండాలి. మిగతావి ఇప్పుడు రాస్తున్నవాళ్లవి పెట్టండి. పెంగ్విన్ ప్రచురణ సంస్థ వేసిన పాత ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒక్కటైనా సంపాదించండి. 1935లో పెంగ్విన్ సంస్థ ఆరు పెన్నీల ధరకి తెచ్చిన మొదటి పది పుస్తకాల్లో రెండు క్రైమ్ నవలలే, ఒకటి క్రిస్టీది, ఒకటి సేయర్స్‌ది. క్రైమ్‌కి ఆకుపచ్చ రంగు అప్పుడే వచ్చింది. ఛారిటీ షాపుల్లో వెతికితే తర్వాతి ముద్రణలు తక్కువకే దొరుకుతాయి.

షోకేసు

కిటికీ ఎదురుగా పెట్టొద్దు. పాత కాగితానికి 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాటని వెలుతురు మంచిది. చేతులు కడిగి బాగా తుడుచుకుంటే చాలు, గ్లవ్స్ అక్కర్లేదు. అట్టలకి టేప్, బ్లూటాక్ (కాగితాలు గోడకి అంటించే మెత్తని జిగురు ముద్ద) తగలనివ్వొద్దు. పుస్తకాన్ని పెట్టొచ్చు గాని, అట్ట బొమ్మని పెద్ద పోస్టర్‌గా వేయాలంటే అనుమతి కావాలి. క్రిస్టీ 1976లో చనిపోయారు కాబట్టి ఆమె రచనల మీద బ్రిటన్‌లో కాపీరైట్ 2046 చివరి దాకా ఉంటుంది.

పసుపు రంగు పోలీస్ టేప్ కట్టకండి. అది అమెరికా సినిమాల్లోది. బ్రిటిష్ పోలీసుల టేప్ నీలం, తెలుపు. ఎర్ర రంగు చల్లి రక్తం అనిపించడం కూడా వద్దు. ఈ నవలల్లో భయం టీ కప్పులో ఉంటుంది, ఉత్తరంలో ఉంటుంది, నేల మీద కాదు.

అసలు పని: లేబుల్

మిగతా పనులన్నిటికీ కలిపి ఎంత టైమ్ పట్టిందో దీనికొక్కదానికే అంత పెట్టండి.

చిన్నప్పుడు తెనాలిలో మా సందు చివరి అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకునేదాన్ని. ఒకసారి తెచ్చిన పుస్తకం మూడో పేజీలో ఒక పేరు చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టి, "వీడే" అని రాసి పెట్టారు. ఆ నవల నేను ఇప్పటికీ పూర్తి చేయలేదు. ఏమీ తెలియకుండా చదవడం ఒక మనిషికి ఒక పుస్తకంతో ఒక్కసారే కుదురుతుంది. దాన్ని లాక్కునే హక్కు మనకి లేదు.

"మేం పేరు రాయలేదు కదా" అంటారు. పేరు రాయకుండానే చెప్పేయొచ్చు. కొన్నేళ్ల క్రితం వేరే ఊళ్లో ఒక ప్రదర్శనకి మా స్నేహితురాలి కూతుర్ని తీసుకెళ్లాను. పద్నాలుగేళ్ల పిల్ల. ఒక లేబుల్ చదివి, "ఆంటీ, అయితే ఇది ఇంక చదవక్కర్లేదా?" అంది. అందులో హంతకుడి పేరు లేదు. హంతకుడు చేసే ఉద్యోగం ఉంది.

ఎక్కడెక్కడ జారిపోతుందో చూడండి. "ఎవరూ ఊహించలేని మలుపు" అని రాస్తే, చదివేవాళ్లు మొదటి పేజీ నుంచే అందరికంటే అమాయకంగా కనిపించే మనిషిని పట్టుకుంటారు. అందుకే క్రిస్టీ నవలల్లో ఒకదాని పేరు ఇక్కడ కూడా చెప్పడం లేదు. ఈ పేరా పక్కన ఆ పేరు కనిపించినా చాలు, సగం తెలిసిపోతుంది. ఒకే రకం ఎత్తుగడ వాడిన మూడు నవలల్ని ఒకే అరలో పెట్టి పైన శీర్షిక కడితే, ఒకటి చదివినవాళ్లకి మిగతా రెండూ పోయినట్టే. సిరీస్‌లో నాలుగో పుస్తకం లేబుల్‌లో ఇన్‌స్పెక్టర్ భార్యని "దివంగత" అని రాస్తే రెండో పుస్తకం పోయింది.

వస్తువులతో ఇంకా జాగ్రత్త. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో టోర్కీ ఆసుపత్రిలో మందుల విభాగంలో పని చేశారు. ఆమెకి విషాల గురించి అంత బాగా తెలిసింది అక్కడే. అందుకని అందరికీ పాత సీసా ఒకటి పెట్టాలనిపిస్తుంది. దాన్ని ఆమె జీవిత విశేషాల పక్కన పెట్టండి, నవల పక్కన కాదు. కథలో అందరూ మామూలు చావే అనుకునే చోట మీ సీసా గాజులోంచి నిజం చెప్పేస్తుంది.

నా నియమం ఇది: మొదటి 50 పేజీలు దాటాక తెలిసే సంగతి ఏదీ లేబుల్ మీద ఉండకూడదు. లేబుల్ 40 మాటలు మించకూడదు. క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ మిస్ మార్పుల్ మొదటి నవలకి నేను రాసింది చూడండి: "1930. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లె. పాస్టర్ గారు చదువుకునే గదిలో కర్నల్ ప్రోథరో శవం. ఊళ్లో ఆయన్ని ఇష్టపడేవాళ్లు తక్కువ. పాస్టర్ గారి పక్కిల్లు మిస్ మార్పుల్‌ది." ఇక్కడితో ఆపేయాలి. ఇంకో వాక్యం రాయాలని చెయ్యి లాగుతుంది. రాయొద్దు.

రాశాక ఇద్దరికి చూపించాలి. ఆ పుస్తకం చదివినవాళ్లు ఒకరు, చదవనివాళ్లు ఒకరు. చదవనివాళ్లని ఒక్కటే అడగండి: "నీకు ఎవరి మీద అనుమానం?" ఏదో ఒక పేరు చెప్పి, కారణం కూడా చెప్తే లేబుల్ చించేసి మళ్లీ రాయండి. "ఏమో, చదివితే గానీ చెప్పలేను" అంటే అది నిలబడింది. చదివినవాళ్ల మాట ఒక్కటే నమ్మితే మోసపోతారు. వాళ్లకి అన్నీ తెలుసు కాబట్టి ఏది బయటపడిందో కనిపించదు.

కొందరు లేబుల్ మీద అట్టముక్క మూత పెట్టి, "ముగింపు కావాలంటే ఎత్తి చూడండి" అంటారు. పిల్లలు ముందు ఎత్తేది దాన్నే. ఇంకొందరు ద్వారం దగ్గర "స్పాయిలర్లు (కథలో రహస్యం బయటపెట్టే మాటలు) ఉన్నాయి" అని బోర్డు పెడతారు. బోర్డు చదివినంత మాత్రాన కంటికి ఎదురుగా ఉన్న అక్షరాలు కనిపించకుండా పోవు. హెచ్చరించడం కంటే రాయకపోవడమే మేలు.

పుస్తకాల్ని మూసే పెట్టండి. తెరిస్తే కుట్టు వదులవుతుంది, ఏ పేజీలో ఏముందో మీకూ గుర్తుండదు. నేను తెరిచి పెట్టేది ఒక్కటే, రూత్ రెండెల్ 1977లో రాసిన "ఎ జడ్జ్‌మెంట్ ఇన్ స్టోన్". ఎవరు ఎవరిని ఎందుకు చంపారో మొదటి వాక్యంలోనే ఉంటుంది. నా నియమం ప్రకారం లేబుల్‌లో రాయొచ్చు, కానీ రాయను. మొదటి పేజీ తెరిచి పెడతాను. ఆ దెబ్బ ఆవిడ మాటల్లోనే తగలాలి. గూఢచారి నవలలకీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ దాచాల్సింది ద్రోహి ఎవరన్నది.

సాయంత్రం కార్యక్రమం

మాట్లాడేవాళ్లకి ముగింపుతో పని లేని విషయం ఇవ్వండి. 1926 డిసెంబర్ 3న ఇంట్లోంచి వెళ్లిపోయిన క్రిస్టీ 11 రోజుల తర్వాత హారొగేట్‌లో ఒక హోటల్లో కనిపించారు. ఇప్పుడు ఓల్డ్ స్వాన్ అనే పేరుతో ఉన్న ఆ హోటల్లోనే ఏటా జూలైలో క్రైమ్ రచయితల పండగ జరుగుతుంది. ఈ ఒక్క సంగతి మీద గంట మాట్లాడొచ్చు, ఏ నవలా పాడవదు.

టెన్షన్ అంతా ప్రశ్నల సమయంలోనే. ఎవరో ఒకరు లేచి, "ఆ డాక్టరే కదా చంపింది..." అని మొదలుపెడతారు. 1952 నవంబర్ 25న లండన్‌లో మొదలైన క్రిస్టీ నాటకం "మౌస్‌ట్రాప్" చివర, రహస్యం బయట చెప్పొద్దని నటులే ప్రేక్షకుల్ని అడుగుతారు. నేను అదే మాట కార్యక్రమం మొదట్లోనే అడుగుతాను. చివర్లో అడిగితే అప్పటికే ఎవరో చెప్పేసి ఉంటారు.

షోకేసు పక్క బల్ల మీద అవే పుస్తకాలు, ఇంటికి తీసుకెళ్లే కాపీలు, ఉండి తీరాలి. చూసి ఊరుకునే ప్రదర్శన నాకు అక్కర్లేదు. బల్ల రోజూ ఉదయం నింపండి. తిరిగొచ్చిన పుస్తకాల మొదటి పేజీలు ఒకసారి తిప్పి చూడండి, ఎవరైనా ఏ పేరు చుట్టూ అయినా సున్నా చుట్టారేమో.