ఆటో బంద్ పెట్టాలంటే ముందు నోట్‌బుక్ కొనండి
హైదరాబాద్‌లో ఇంధనం రేట్ల మీద ఆటోలు బంద్ పెట్టాలనుకుంటే బ్యానర్ సంగతి తర్వాత. ముందు పదిమంది డ్రైవర్ల చేత వారం రోజులు బంకులో ఎంత పోశారు, గిరాకీ ఎంత వచ్చింది, ఫైనాన్స్ కిస్తీ పోగా ఇంటికి ఎంత మిగిలింది అన్నది రాయించండి. 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకి 20 రూపాయలని పెట్టిన మీటర్ చార్జీ పక్కన ఆ కాగితం పెడితే ఎదుటివాళ్లు మాట తిప్పలేరు. ఎవరిని అడగాలో తేల్చుకోండి: పెట్రోల్, డీజిల్ మీద పన్నుల్లో వ్యాట్ రాష్ట్రానిది, ఎక్సైజ్ కేంద్రానిది. తర్వాత అడ్డా అడ్డాకీ తిరగాల్సిందే, వాట్సాప్ మెసేజ్‌ని నమ్ముకుంటే సగంమంది రారు (మా అడ్డాలో అదే జరిగింది). ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌లో కూర్చోవాలంటే పోలీసు పర్మిషన్ ముందే తీసుకోండి. ఆసుపత్రికి వెళ్లే బండిని ఆపొద్దు, అద్దాలు పగిలితే పేపర్లో వచ్చేది ఆ ఫొటోనే. రోజు అద్దెకి నడిపేవాళ్ల కోసం ఆ ఒక్కరోజు అద్దె వదిలేయమని ఓనర్లతో ముందురోజే మాట్లాడండి.