కుళాయి లేని ఇంట్లో బురద సైకిలు: వానలకు ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించింది మొదలు అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటే వరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకిలు తొక్కేవారికి బురద తప్పదు. ఊడుపుల రోజుల్లో ట్రాక్టర్లు తొక్కి పాడుచేసిన దారుల మీదుగా పొలానికో, బడికో, పాలకేంద్రానికో వెళ్లి వచ్చిన సైకిలును పెరట్లో కుళాయి ఉన్నవారు పైపు పెట్టి కడిగేసుకుంటారు. మేడ మీద అద్దె వాటాల్లో ఉండేవారికీ, వీధి కుళాయి నీళ్లను బిందెలతో మోసుకొనేవారికీ ఆ వీలు లేదు. అలాంటి ఇళ్లలో బకెట్టున్నర నీళ్లతో సైకిలును చక్కగా శుభ్రం చేసుకోవచ్చు. పైగా పైపు కన్నా ఈ పద్ధతే సైకిలుకు మేలు. గట్టిగా కొట్టిన ధార చక్రాల హబ్బుల్లోకి, పెడళ్ల ఇరుసులోకి చొరబడి గ్రీజును చెదరగొడుతుంది. దానితోపాటు లోపలికి చేరిన సన్నటి మట్టి బాల్‌బేరింగులను అరగదీస్తుంది. పాత తరహా నల్ల సైకిళ్లలో హబ్బు నడుమ నూనె పోసే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని మూసి ఉంచే రేకు పట్టీ పక్కకు జరిగితే బురద నేరుగా లోపలికి దిగుతుంది కాబట్టి, వానలు మొదలు కాకముందే అది సరిగా కూర్చున్నదో లేదో వేలితో తడిమి చూసుకోవాలి.

కావలసిన సామాను ముందే ఒక పాత సంచిలో వేసి ఉంచుకుంటే, అలసిపోయి ఇంటికి వచ్చిన సాయంత్రం వెతుక్కునే పని ఉండదు. ఒక వెదురు బద్ద, కొబ్బరి పీచు, రెండు పాత పళ్ల బ్రష్షులు, నాలుగు నూలు గుడ్డలు, ఒక గోనె సంచి, కుట్టుమిషనుకు వేసే నూనె ఉంటే సరిపోతుంది. లీటరు నీళ్ల సీసా మూతకు సూదితో నాలుగైదు రంధ్రాలు చేసి పెట్టుకోండి. సీసాను నొక్కినప్పుడు వచ్చే సన్నటి జల్లు మీరు కోరిన చోటే పడుతుంది, నీరు వృథా కాదు. వాన పడుతున్నప్పుడు చూరు కింద బకెట్టు పెట్టి పట్టిన నీళ్లు ఈ పనికి ఎంతో బాగుంటాయి. బట్టల సోడా, గిన్నెలు తోమే బూడిద మాత్రం వాడవద్దు. మొదటిది రంగును మసకబరుస్తుంది, రెండోది గీతలు పెడుతుంది. కప్పు నీళ్లలో కలిపిన కొద్దిపాటి షాంపూ చాలు.

సైకిలును గుమ్మంలోకి తెచ్చే ముందే, బురద ఇంకా మెత్తగా ఉండగా, పెద్ద ముద్దలను వెదురు బద్దతో గీకి తీసేయాలి. వరిమడి జిగట మన్ను మడ్‌గార్డుకు, టైరుకు మధ్య పేరుకొని, ఆరితే గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది కనుక ఆ సందును ముందుగా చూడాలి. ఇనుప చువ్వతో పొడిస్తే టైరు పక్కగోడ చీలే ప్రమాదం ఉంది. ఉద్దానం వైపు ఇసుక నేలల్లో తిరిగిన సైకిలుది మరో రకం ఇబ్బంది: ఆ రేణువులు దులిపితే రాలిపోతాయి గాని, పొడి గుడ్డతో రుద్దితే గరుకు కాగితంలా రంగును గీసేస్తాయి. అందువల్ల ఏ నేల మట్టి అయినా ముందు తడిపి, నానిన తరువాతే గుడ్డ పెట్టాలి.

ఇంట్లో కడిగేచోటు విషయంలో తొందరపడకూడదు. మెట్ల మీద, నున్నటి టైల్స్ మీద షాంపూ నీళ్లు, బురద కలిస్తే కాలు జారడం ఖాయం. ఇంట్లో పెద్దవారుంటే ఈ విషయం మరింత గట్టిగా పట్టించుకోవాలి. గోనె సంచి పరిచి, సైకిలును స్టాండు మీద నిలిపి, స్విచ్‌బోర్డుకూ, నేల మీద సాగే వైర్లకూ దూరంగా పని చేసుకోవాలి. మట్టి నీళ్లను స్నానాల గది తూములోకి వదిలితే పైపు పూడుకుపోతుంది. వాటిని బకెట్టులోనే కాసేపు ఉంచితే మట్టి అడుక్కు దిగుతుంది. పై నీళ్లు తూములో పోసి, అడుగు మట్టిని బయట పారబోయవచ్చు.

చేతులకు గాట్లు, కాళ్లకు పగుళ్లు ఉంటే తొడుగులు, చెప్పులు వేసుకొనే ఈ పనికి దిగండి. ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద గాయాలకు తగిలితే లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. పొలం బురదలో తిరిగిన తరువాతి రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుడి దగ్గరికి వెళ్లి, బురదలో తిరిగిన సంగతి తప్పక చెప్పాలి.

కడగడం పైనుంచి కిందికి సాగాలి: ముందు హ్యాండిల్, సీటు, ఆ తరువాత ఫ్రేము, చివరకు చక్రాలు. హబ్బుల దగ్గర నీళ్లు పోయకుండా, పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. చువ్వలు రిమ్ములో దిగే చోట తడి నిలిచి తుప్పు అక్కడే మొదలవుతుంది కాబట్టి, ఒక్కొక్క చువ్వ మొదలును పొడి గుడ్డతో ఒత్తి తుడవాలి.

అన్నిటికన్నా ఓపిక పెట్టవలసింది చైను దగ్గర. మిగతా సైకిలును మరునాటికి వాయిదా వేసినా, చైనును మాత్రం ఆ రాత్రే తుడవాలి. తడి మట్టితో వదిలిన చైను తెల్లారేసరికి ఎర్రబడుతుంది. గుడ్డను కింది వరుస నడుమ, పళ్లచక్రానికీ ఫ్రీవీలుకూ దూరంగా వదులుగా పట్టుకొని, రెండో చేత్తో పెడలును నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. గుడ్డ పళ్లలోకి లాక్కుపోతే వేలు నలుగుతుంది. పిల్లలు పక్కన ఉండగా చైను తిప్పవద్దు. జిడ్డు కట్టిన మట్టికి బ్రష్షుతో కొంచెం కిరోసిన్ రాయవచ్చు గాని, అది పొయ్యికీ దీపానికీ దూరంగా జరగాలి. మిగిలిన కిరోసిన్‌ను తాగే నీళ్ల సీసాలో ఎన్నడూ పోసి పెట్టకూడదు; నీళ్లనుకొని పిల్లలు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. చైను బాగా ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో బొట్టు మిషను నూనె వేసి, పది నిమిషాలాగి, పైన కనిపించే నూనెనంతా తుడిచేయాలి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. శుభ్రమైన చైను మీద స్కేలు పెట్టి చూడడం కూడా మంచి అలవాటు: 12 అంగుళాల్లో సరిగ్గా 24 లింకులు పట్టాలి, చివరి పిన్ను ఆ గీతను అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చే సమయం వచ్చినట్టే.

భీమిలి, భోగాపురం, కళింగపట్నం, బారువ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి తుప్పును త్వరపెడుతుంది. అక్కడివారు బురద లేని రోజుల్లోనూ వారానికోసారి మంచినీళ్ల గుడ్డతో తుడిచి, నట్లకు పలచగా నూనె రాయడం అవసరం. హబ్బులు మునిగేలా వరద నీటిలో నిలిచిన సైకిలుకు మాత్రం ఇంటి శుభ్రత చాలదు. దుకాణంలో విప్పించి, పాత గ్రీజు తీసి కొత్తది పెట్టించాలి.

నూనె చేతులతో రిమ్మును, బ్రేకు రబ్బర్లను ముట్టుకోకూడదు. డిస్కు బ్రేకున్న సైకిళ్లలో ఆ పళ్లేనికి నూనె బొట్టు తగిలినా బ్రేకు పట్టదు. రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులను గుండుసూదితో తీసి, మరునాడు రోడ్డెక్కే ముందు ఇంటి ముందే నాలుగడుగులు నడిపించి, ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి చూడండి. ఏది జారినా ఆ రిమ్మును షాంపూ నీళ్లతో మళ్లీ తుడిచి, ఆరిన తరువాతే సైకిలెక్కాలి.