గొర్రె మెదడులో ప్రయాన్: నాడీకణాల జన్యువుల పని చూడాలంటే

అనంతపురం ఎండకు ప్రయాన్ (మెదడు రోగం తెచ్చే వంకర ప్రోటీన్) చెక్కుచెదరదు గానీ, జన్యువుల పనిని చూపే ఆర్‌ఎన్‌ఏ ఇట్టే పాడైపోతుంది. మెదడు కాండం తీయగానే అర సెంటీమీటరు మందం మించకుండా కోసి, ముక్కకు అయిదింతల ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో (ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రవం) ముంచండి. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచి, మైనస్ 80కి మార్చండి. లేజర్‌తో కణాలను కోసి తీయడానికి ఇంకో ముక్కను ఓసీటీలో (కణజాలాన్ని గడ్డకట్టించే జిగురు) వెంటనే గడ్డకట్టించండి.

అసలు తిప్పలు ఫలితం చదవడంలోనే. జీఎఫ్‌ఏపీ అనే జన్యువు పని పెరిగిందంటే ఆస్ట్రోసైట్లు (నాడీకణాలకు ఆసరా ఇచ్చే కణాలు) రేగాయన్నమాట. నాడీకణ జన్యువులు తగ్గినట్టు కనిపిస్తే, ఆ కణాలే చచ్చిపోయి ఉండొచ్చు! అందుకే లేజర్‌తో నాడీకణాలను విడదీసి, అదే వయసు ఆరోగ్యమైన గొర్రె కణాలతో పోల్చాలి.

ఇక పనిముట్ల శుభ్రత: కణజాలం నిల్వచేసే ఫార్మలిన్ ప్రయాన్‌ను చంపదు. లీటరు నీళ్లలో 80 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా కలిపి, కత్తులు గంట నానబెట్టండి. అల్యూమినియం పాత్ర వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ బయటికి తీసే రసాయనం) తగిలినచోట బ్లీచ్ పోయొద్దు, విషవాయువు వస్తుంది.