సెంతెమిలియోన్: ముందు రాయి, తరువాత తోట, ఆ తరువాతే వైన్

ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో, బోర్డో నగరానికి తూర్పున, దోర్దోన్య నదీలోయకు ఎగువన సున్నపురాతి గుట్టను ఆనుకొని సెంతెమిలియోన్ గ్రామం ఉంది. అక్కడికి వెళ్లినవారిలో చాలామంది రైలు దిగగానే వైన్ దుకాణాల వైపు నడుస్తారు. ముందు రాయిని, తరువాత తోటను చూసి, ఆ తరువాతే గ్లాసు అందుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఆ ఊరి ఇళ్లకూ ప్రాకారాలకూ కావలసిన రాయిని కాళ్ల కింది నుంచే తవ్వి తీశారు. అలా ఏర్పడిన సొరంగాలలో కొన్ని వైన్ నిలవచేసే నేలమాళిగలయ్యాయి. పైన తోటలలోని ద్రాక్ష వేళ్లు వెతుక్కుంటూ దిగేది కూడా ఆ రాతిలోకే. 1999లో యునెస్కో ఈ ఊరిని, చుట్టూ ఉన్న మరి ఏడు గ్రామాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ద్రాక్షతోటల సీమకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

బోర్డో సెంట్-జాన్ స్టేషన్ నుంచి లోకల్ రైలులో ముప్పావు గంట లోపే చేరవచ్చు. రైళ్లు ఎక్కువగా ఉండవు కనుక తిరుగు రైలు వేళను బయలుదేరేటప్పుడే చూసి పెట్టుకోవాలి. స్టేషన్ ఊరికి దిగువన, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా దూరంలో ఉంటుంది. తోటల మధ్యగా సాగే ఆ నడకను వదులుకోవద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విస్తారంగా పెరిగిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లను చూసిన కళ్లకు ఇక్కడి తీగలు మొక్కల్లా పొట్టిగా, ఇనుపతీగల కంచెల వెంట వరుసగా కనిపిస్తాయి. మన మండుటెండలో గుత్తులకు నీడ కావాలి కనుక పందిరి వేస్తాం. ఇక్కడ పండు పక్వానికి రావడానికి దొరికిన ఎండనంతా పట్టుకోవాలి కనుక గుత్తులను నేలకు దగ్గరగా ఉంచి, ఆకులను నిలువుగా పైకి పెంచుతారు. ఏ తోటలోనూ ఒక్క పండైనా కోయకూడదు, దున్నిన సాళ్లలోకి దిగకూడదు.

ఊరిలోకి రాగానే పర్యాటక కార్యాలయానికి వెళ్లి భూగర్భ కట్టడాల సందర్శనకు టికెట్ తీసుకోవాలి. గైడు లేకుండా లోపలికి అనుమతించరు. ఇంగ్లీషులో వివరించే బృందాలకు నిర్ణీత వేళలుంటాయి కనుక ముందే ఆన్‌లైన్‌లో చూసుకోవడం మంచిది. ఎనిమిదో శతాబ్దంలో బ్రెతాన్య ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ తపస్సు చేసుకున్నాడని చెప్పే ఎమిలియోన్ అనే సన్యాసి గుహను మొదట చూపిస్తారు. అందులోని రాతి ఆసనం మీద కూర్చుంటే సంతానం కలుగుతుందని స్థానికుల నమ్మకం. సంతానం కోసం చెట్లకు ఉయ్యాలలు కట్టే మొక్కులు మనకు తెలిసినవే కనుక ఆ నమ్మకం తెలుగువారికి కొత్తగా అనిపించదు. ఆ తరువాత చూపించే ఏకశిలా చర్చి దగ్గర మాత్రం తొందరపడకండి. మన ఉండవల్లి గుహాలయాలలాగే అది కట్టినది కాదు, తొలిచినది. పన్నెండో శతాబ్దంలో గుట్టను లోపలికి తొలుస్తూ పోయి, 38 మీటర్ల పొడవైన ఆలయాన్ని, దానిని మోసే స్తంభాలతో సహా ఒకే రాతిలో తీర్చారు. తరువాతి శతాబ్దాలలో ఆ కప్పు మీదనే 68 మీటర్ల గంటగోపురం లేచింది. ఆ బరువు స్తంభాలను నలిపివేయసాగింది కనుక ఒక దశలో వాటికి లోహపు పట్టీలు బిగించవలసి వచ్చింది. బయటికి వచ్చి ఆ గోపురం ఎక్కితే ఇప్పుడే చూసిన చీకటి ఎంత బరువును మోస్తున్నదో అర్థమవుతుంది.

ఊరి నిటారు రాతిబాటలను తెర్త్ర్ అంటారు. వాన పడితే అవి బాగా జారుతాయి కనుక పట్టున్న బూట్లు వేసుకోండి.

వైన్ ఎస్టేట్‌ను ఇక్కడ షాతో అంటారు. పేరు కోట అయినా చాలావరకు అవి మామూలు రైతు కుటుంబాల ఇళ్లే. రోజుకు ఒక్కటి చాలు. పేరుమోసిన చోటి కంటే యజమాని తానే తోట చూపించే చిన్న ఎస్టేట్‌లో ఎక్కువ నేర్చుకుంటారు. ముందుగా రాసి సమయం తీసుకోవాలి. సెప్టెంబర్, అక్టోబర్ కోత రోజులలో చిన్న రైతులకు తీరిక ఉండదు కనుక మే, జూన్ నెలలు మేలు. పులియబెట్టే తొట్లను, 225 లీటర్ల ఓక్ పీపాలను చూపించినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: తోట ఏ నేల మీద ఉంది, వైన్‌లో మెర్లో ద్రాక్ష వాటా ఎంత? ఇక్కడ ప్రధానమైన రకం మెర్లో. స్థానికులు బూషే అని పిలిచే కాబెర్నే ఫ్రాన్ దానికి తోడు. గుట్ట మీది సున్నపునేల, పక్కనున్న పొమెరోల్ గ్రామం వైపు గులకనేల, నదివైపు ఇసుకనేల ఇచ్చే రుచులు వేర్వేరు.

రుచి చూసే బల్ల మీద ఒక ఉమ్మిపాత్ర ఉంటుంది. ఆతిథ్యమిచ్చినవారి ముందు ఉమ్మడం మనకు అమర్యాదగా తోచవచ్చు, కాని అక్కడ అది శ్రద్ధగా రుచి చూస్తున్నారనడానికి గుర్తు, నిస్సంకోచంగా వాడండి. కారు నడపవలసినవారు తప్పక వాడాలి. మద్యం తాగనివారు ఆ సంగతి ముందే చెబితే తోట, నేలమాళిగ మాత్రమే చూసి రావచ్చు. వాసన చూడడం వరకే పరిమితమైనా నష్టం లేదు.

కొనేటప్పుడు సీసా మీది మాటలను జాగ్రత్తగా చదవాలి. 'గ్రాన్ క్రూ' అన్నంత మాత్రాన అది ఎంపిక చేసిన ఎస్టేట్ అని అర్థం కాదు. 'గ్రాన్ క్రూ క్లాసే' అని ఉంటేనే 1955లో మొదలై ఇంచుమించు పదేళ్లకొకసారి సవరించే వర్గీకరణలో స్థానం పొందినట్టు. 2022 జాబితాలో ఉన్నవి 85 ఎస్టేట్లు. అయితే జాబితాలో లేని ఎస్టేట్‌లోనూ మీకు నచ్చిన వైన్ దొరకవచ్చు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. సీసాలను బట్టలలో చుట్టి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. భారతదేశానికి సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం వరకే తేనిస్తారు కనుక మామూలు సీసాలైతే రెండే. మద్యం వద్దనుకునే ఇంటివారి కోసం 1620 నుంచి అర్సులిన్ అనే క్రైస్తవ సన్యాసినుల పద్ధతిలో ఇక్కడ చేస్తున్న మాకరోన్లనే బాదం బిస్కెట్లు తీసుకోండి. వాటిలో గుడ్డు తెల్లసొన ఉంటుందని మాత్రం శాకాహారులకు చెప్పి ఇవ్వండి.